మినహాయింపుల్లో నడక లేదు

ఫ్రీమాంట్‌లోని మూడు తెలుగు ఇళ్ళ వాళ్ళు కలిసి ఎక్కడికి ప్రయాణం కట్టినా, పెట్టెలకంటే ముందు ఒక పట్టిక తయారవడం ఆనవాయితీ. ఆ ఏడు మే నెల చివరి వారాంతానికి హవాయి ఖాయమైన రోజునే తేజేశ్వర్ స్ప్రెడ్‌షీట్ చేసి అందరికీ పంపించాడు. హీలో ఊళ్ళో తీసుకున్న అద్దె ఇంట్లో ఎవరికి ఏ గది, ఏ కారులో ఎవరు, రైస్ కుక్కర్ ఎవరి పెట్టెలో, ఆవకాయ సీసా పూచీ ఎవరిది, అన్నీ అందులో గడులు గడులుగా ఉన్నాయి. మొదటి రోజు జలపాతాల మీదుగా తీగకు వేలాడుతూ జారే జిప్‌లైన్. రెండో రోజు సముద్రంలో చేపల మధ్య స్నార్కెలింగ్. మూడో రోజు గుహలు. నాలుగో రోజు లావా హైక్. అయిదో రోజు షాపింగ్, తిరుగు ప్రయాణం. ప్రతి గడిలోనూ అవే ఆరు పేర్లు: తేజేశ్వర్, మనీషా, లోకేష్, దేదీప్య, అక్షయ్, అనుష్క.

కృష్ణకుమారికి మాత్రం కుడివైపు చివర విడిగా ఒక నిలువు వరుస ఉంది. దాని శీర్షిక ‘హౌస్ అండ్ కిడ్స్’. శీర్షిక కింద అయిదు రోజులకూ కలిపి ఒకే పొడవాటి గడి. అందులో ‘అత్తయ్యగారు’ అని రాసి ఉంది.

అయిదు గడులను కలిపి ఒకటిగా చేయాలంటే దానికి విడిగా ఒక బొత్తం నొక్కాలని కృష్ణకుమారికి తెలుసు. అంటే అది ఏమరుపాటున జరిగింది కాదు. ఒక మనిషి కూర్చుని, ఆలోచించి, నొక్కితేనే జరిగింది.

ఆమెకు అరవై నాలుగేళ్ళు. రాజమండ్రిలో ఒక మహిళా కళాశాలలో ముప్పై నాలుగేళ్ళు భూగర్భశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసింది. కూతురు మనీషా, అల్లుడు తేజేశ్వర్‌ల దగ్గరికి ఆరు నెలల గడువు మీద వచ్చింది. జూన్ తొమ్మిదిన తిరుగు విమానం. మనవడు ఉదయ్‌కి ఆరేళ్ళు. వాణ్ణి బడి దగ్గర దింపడం, తీసుకురావడం, వాడికి రెండు పూటలా అన్నం పెట్టడం ఆమె పని. ఆ పని మీద ఆమెకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదల్లా ఆ పొడవాటి గడి మీద.

రాజమండ్రి పక్కనే కాతేరు క్వారీల్లో దొరికే నల్లరాయి ఒకప్పటి లావా. చల్లారి ఆరున్నర కోట్ల ఏళ్ళయింది. ప్రతి సంవత్సరం తన విద్యార్థినులను ఎండలో అక్కడికి నడిపించుకుపోయి, చచ్చిన లావా ముందు నిలబెట్టి, బతికున్న లావా ఎలా ఉంటుందో చెప్పేది. తను చూడలేదు. పుస్తకాల్లో చదివి, చెక్క సొరుగులోని రాతి ముక్కలను చూపించి చెప్పేది. 1991లో అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి ఒకటిన్నర శతాబ్దం తరవాత నిద్రలేచి నిప్పులు కక్కినప్పుడు, ఒక అధ్యయన బృందంతో ఆమె వెళ్ళే అవకాశం వచ్చింది. పడవలో ఆడవాళ్ళకు వసతి లేదని శాఖాధిపతి అన్నాడు. నువ్వు వెళితే పిల్లకు అన్నం ఎవరు పెడతారని భర్త అన్నాడు. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ మాటలు మాత్రం ఆమె దగ్గర చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అందుచేత ఆమె ఎవరితోనూ వాదించలేదు. పట్టికలో లావా హైక్ గడి పక్కన ఉన్న గైడు నంబరుకు ఫోన్ చేసి, ఎనిమిది మందిని తీసుకుపోయే బృందంలో ఇంకా రెండు చోట్లు ఖాళీగా ఉన్నాయని తెలుసుకుని, ఒకటి తన పేరున రాయించుకుంది. తరవాత ఇన్సూరెన్సు పత్రం తీసి, కళ్ళజోడు తుడుచుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.

హీలోలో మూడు రోజులు గడిచాయి. పట్టిక ప్రకారమే గడిచాయి. ఆరుగురూ తడిసిన బట్టలతో, ఎర్రబడిన ముఖాలతో సాయంత్రం ఇల్లు చేరేవారు. కృష్ణకుమారి చేసిన సాంబారు తింటూ, తీగ మీద తాము వేసిన కేకలను మళ్ళీ వేసి చూపించుకునేవారు. ఆమె ఉదయ్‌నూ, లోకేష్ దంపతుల నాలుగేళ్ళ కూతురినీ ఆడిస్తూ, రేకుల కప్పు మీద పడే హీలో వానను వినేది.

మూడో రోజు సాయంత్రం భోజనాల దగ్గర తేజేశ్వర్ అన్నాడు. "అత్తయ్యగారూ, రేపటికి సింపుల్‌గా పెరుగన్నం, పులిహోర చాలండీ. ప్యాక్ చేసుకుని పొద్దున్నే బయల్దేరిపోతాం."

"అలాగే. ఏడుగురికి కలుపుతాను."

"ఆరుగురమేనండీ."

"ఏడుగురం. నా పేరు నేను బుక్ చేసుకున్నాను. గైడుతో మాట్లాడాను కూడా."

ముందుగా తేరుకున్నది లోకేష్. అతనిది కరీంనగర్, నోటిదగ్గర మాట ఆగదు. "ఏంది ఆంటీ, జోక్ చేస్తున్నరా? అది పార్కుల వాకింగ్ కాదు. పోను నాలుగు మైళ్ళు, రాను నాలుగు మైళ్ళు. బండలు, ఎండ. మేమే సచ్చిపోతం."

"మీ సంగతి నాకు తెలియదు," అంది కృష్ణకుమారి.

"అమ్మా, నీ మోకాళ్ళు..." అని మనీషా అందుకుంది.

"నా మోకాళ్ళ సంగతి ఈ అయిదు నెలల్లో ఎప్పుడైనా అడిగావా? ఫిబ్రవరి నుంచి మిషన్ పీక్ పదకొండుసార్లు ఎక్కాను. పిల్లాణ్ణి బడిలో దింపి వెళ్ళేదాన్ని, వాడి బడి వదిలే వేళకు వచ్చేసేదాన్ని."

ఆ కొండను జీవితంలో ఒక్కసారి ఎక్కి, పైన స్తంభం పట్టుకుని దిగిన ఫొటోను మూడేళ్ళుగా తన ఫేస్‌బుక్ ముఖంగా పెట్టుకున్న లోకేష్, అప్పడం విరుచుకోవడంలో నిమగ్నుడయ్యాడు. అనుష్క కిసుక్కున నవ్వింది.

తేజేశ్వర్ గొంతు సవరించుకున్నాడు. "అది కాదండీ అత్తయ్యగారూ. మీరు చేయగలరు, నో డౌట్. ఇష్యూ ఏంటంటే విజిటర్ ఇన్సూరెన్స్. అడ్వెంచర్ యాక్టివిటీస్ ఏవీ కవర్ చేయరు. అన్నీ ఎక్స్‌క్లూజన్స్‌లో ఉంటాయి."

"ఆ పాలసీ మీరు చదివారా?"

"చదవడమంటే... సమ్మరీ చూశాను."

కృష్ణకుమారి చెయ్యి కడుక్కుని వెళ్ళి, తన గదిలోంచి పత్రం తెచ్చింది. "నలభై రెండు పేజీలు. మినహాయింపులు పంతొమ్మిదో పేజీలో ఉన్నాయి. వినండి. విమానంలోంచి దూకడం. గాలిసిలిండరు కట్టుకుని సముద్రంలో మునగడం. తాళ్ళతో, కొక్కేలతో కొండ ఎక్కడం. గుర్రప్పందేలు. బరువులెత్తే పోటీలు. మత్తులో ఉండి చేసే ఏ పనైనా. నడక ఇందులో లేదు. అనుమానం తీరడానికి కంపెనీకి ఫోన్ చేసి అడిగాను. గైడుతో కలిసి నేల మీద నడిస్తే అభ్యంతరం లేదన్నారు. చెప్పినమ్మాయి పేరూ తారీఖూ టైమూ ఇదిగో, మార్జిన్‌లో ఉన్నాయి. మీ తీగ మీద జారే ఆట మాత్రం మినహాయింపుల్లో ఉంది. నేను ఎలాగూ జారనులెండి."

అక్షయ్ పళ్ళెం మీదకు వంగి, నవ్వు బయటికి రాకుండా దగ్గాడు.

"సరే అమ్మా, అదంతా సరే. మరి పిల్లల్ని ఎవరు చూస్తారు?" అని మనీషా అసలు ప్రశ్న అడిగింది.

"ఆ ప్రశ్న నన్ను అడుగుతున్నావెందుకు? పిల్లలు ఇద్దరు. వాళ్ళకు తల్లిదండ్రులు నలుగురు. ఆ నలుగురూ ఈ బల్ల చుట్టూనే కూర్చుని ఉన్నారు."

"లాటరీ తీద్దామా?" అన్నాడు లోకేష్.

"లాటరీలో నా పేరు వెయ్యకుండా ఉంటే మీ ఇష్టం," అంది కృష్ణకుమారి. ఆ తరవాత, గొంతు ఏమాత్రం పెంచకుండా, కూతురి వైపు చూసి చెప్పింది. "నీకు పదకొండేళ్ళప్పుడు నాకు ఇలాంటిదే ఒక అవకాశం వచ్చింది. నీకు అన్నం ఎవరు పెడతారన్న ప్రశ్న మీద అది పోయింది. అన్నం నేనే పెట్టాను. ఇప్పుడు నా మనవడికి అన్నం ఎవరు పెడతారని నువ్వు అడుగుతున్నావు. జూన్ తొమ్మిదిన నేను విమానం ఎక్కితే మళ్ళీ ఇంత దూరం రాను, మనీషా. లావా రాజమండ్రికి రాదు."

బారెన్ దీవి సంగతి మనీషా ఎన్నడూ వినలేదు. ఆ రోజుల్లో తల్లి నెల్లాళ్ళపాటు ఎవరితోనూ అవసరానికి మించి మాట్లాడకపోవడం మాత్రం ఆమెకు గుర్తుంది. కారణం ఇప్పుడు తెలిసింది. భర్త వైపు తిరిగి అంది. "తేజా, రేపు నువ్వుండు."

"నేనా? నాలుగు నెలల నుంచి ప్లాన్ చేసింది నేను!"

"అందుకే. ఏ డబ్బా ఎక్కడుందో నీకే బాగా తెలుసు."

మర్నాడు పొద్దున వాళ్ళు కారెక్కుతుండగా, తేజేశ్వర్ గడప దగ్గర నిలబడి అడిగిన చివరి మాట: "అత్తయ్యగారూ, రెండు కప్పుల బియ్యానికి నీళ్ళెన్నండీ?"

పహోవా ఊరు దాటి సముద్రం వైపు దిగితే రోడ్డు ఉన్నట్టుండి ఆగిపోతుంది. లావా వచ్చి దాని మీద పడుకుంది కాబట్టి ఆగిపోతుంది. అక్కడ, నల్లటి నేల అంచున, పదకొండున్నరకే చేరుకుని, బృందం తమ అలవాటు ప్రకారం కారు డిక్కీ తెరిచి విందు మొదలుపెట్టింది. పులిహోర తరవాత పెరుగన్నం, పెరుగన్నంలోకి ఆవకాయ. ఎక్కడికి వెళ్ళినా ఆ డిక్కీ భోజనం జరగకపోతే ప్రయాణం జరిగినట్టు కాదు. కృష్ణకుమారి రెండు అరటిపళ్ళు తిని ఊరుకుంది.

"ఇంత తిని ఎండలో నడవకూడదు," అని ఒకే ఒకసారి చెప్పింది.

"ఎనర్జీ ఆంటీ, ఎనర్జీ," అన్నాడు లోకేష్ మూడోసారి పెరుగన్నం వేయించుకుంటూ.

గైడు పేరు కావికా. అరవయ్యో పడిలో ఉన్న స్థానికుడు. తాతముత్తాతల నాటి నుంచి ఆ తీరం వాళ్ళది. తమ ఇల్లు ఒకటి ఈ లావా కింద ఉందని, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. అందరి బూట్లూ తిరగేసి చూశాడు, నీళ్ళు చూశాడు, చేతి తొడుగులు చూశాడు. ఇక్కడ పడితే గాజు మీద పడినట్టేనన్నాడు. కృష్ణకుమారి మందపాటి నూలు చుడీదారు, మడమలు అరిగిన తోలు బూట్లు, తోటపని తొడుగులు వేసుకుని, చేతిలో నల్ల గొడుగు పట్టుకుని నిలబడింది.

"ఆంటీ, వాన లేదుగా!" అంది అనుష్క గొడుగు చూసి.

"గొడుగు ఎండకు," అంది కృష్ణకుమారి.

కావికా ఆమె బూట్లను మిగతావాళ్ళ బూట్లకంటే ఎక్కువసేపు చూసి, తృప్తిగా తల ఊపి, ఆయన కూడా "ఆంటీ" అనే పిలిచాడు. ఆ దీవుల్లో పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారట. ఆయన నోట ఆ పిలుపు వినడానికి ఆమెకు అభ్యంతరం తోచలేదు. ఆయన ఆ పిలుపుతో పాటు ఎవరి పిల్లలనూ చేతికివ్వలేదు.

"రెండే నియమాలు," అన్నాడు కావికా. "ఎవరు అందరికంటే నెమ్మదిగా నడుస్తారో వాళ్ళు నా వెనకే నడవాలి. మిగతావాళ్ళు వాళ్ళ వెనక. ఎవరూ నన్ను దాటి పోకూడదు. రెండోది: నేను ఒక్కణ్ణే. ఒకరు నడవలేక వెనక్కి తిరిగితే, అందరం వెనక్కి తిరుగుతాం. అరమైలు దూరంలో లావా ఉన్నా సరే."

అయిదు జతల కళ్ళు కృష్ణకుమారి వైపు తిరిగాయి. ఆమె లెక్కపెట్టింది. కూతురివి కూడా అందులో ఉన్నాయి.

ఆమె కావికా వెనక నిలబడింది. ఒంటిగంటకు నడక మొదలైంది.

నేల అంటే అది నేల కాదు. చుట్టలు చుట్టలుగా, మడతలు మడతలుగా, పేనుకున్న తాళ్ళలా గడ్డకట్టిన నల్లటి సముద్రం. దాన్ని హవాయి భాషలో పాహోయిహోయి అంటారు. ప్రపంచంలోని భూగర్భ శాస్త్రజ్ఞులందరూ ఆ మాటనే వాడతారు. కృష్ణకుమారి కూడా ముప్పై నాలుగేళ్ళు బోర్డు మీద ఆ మాటే రాసింది. ఇప్పుడు అది కాళ్ళ కింద కరకరలాడింది. పై పొర పలచటి గాజు. ప్రతి అడుగుకూ పగిలి మిలమిల మెరిసింది. పైనుంచి ఎండ, కిందనుంచి నల్లరాతి సెగ. ఆమె గొడుగు విప్పి, కావికా పాదం ఎక్కడ పడితే తన పాదం అక్కడ వేస్తూ, తొందర లేకుండా, ఆగకుండా నడిచింది.

"ఈ లెక్కన పోతే రేపటికి చేరుతం," అని వెనకనుంచి లోకేష్ వినపడేలా అన్నాడు. భుజాన కెమెరా, చేతిలో ట్రైపాడ్. మొదటి మైలులో రెండుసార్లు పక్కనుంచి దూసుకుని ముందుకు పోయాడు. రెండుసార్లూ కావికా ఈలవేసి వెనక్కి పిలిచాడు. మూడోసారి ఈల వెయ్యకుండా ఆగి, అతను తిరిగొచ్చేదాకా కదలకుండా నిలబడ్డాడు. లోకేష్ గొణుక్కుంటూ వచ్చి వరసలో కలిశాడు.

రెండు గంటలు నడిచారు. దూరాన సముద్రం మీద తెల్లటి ఆవిరి స్తంభంలా లేస్తోంది. ఇంకో అరమైలేనని కావికా చెప్పాడు. సరిగ్గా అప్పుడే వెనక దేదీప్య కేక వినిపించింది.

లోకేష్ ఒక రాతి మడత మీద కూలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయింది. ట్రైపాడ్ పక్కన పడి ఉంది. మూడుసార్లు వేయించుకున్న పెరుగన్నం అంతా బయటికి వచ్చేసింది.

"నాతోని కాదు," అన్నాడు. "కళ్ళు తిరుగుతున్నయి. రిటర్న్ పోదాం. ప్లీజ్."

దేదీప్య ఏడుపు మొహం పెట్టింది. అక్షయ్ ఫోన్ తీసి, సిగ్నల్ లేదని చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మనీషా తల్లి వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. కావికా వాచీ చూశాడు. నియమం ఆయన ముందే చెప్పాడు. మళ్ళీ చెప్పే అవసరం లేదు.

కృష్ణకుమారి ఆ ఆవిరి స్తంభం వైపు చూసింది. అరమైలు. బారెన్ దీవికి పడవ కూడా ఆమెను ఎక్కించుకోకుండానే వెళ్ళింది. ఇప్పుడు నడిచి వచ్చి, పిలుస్తే పలికేంత దూరంలో, ఇంకొకరి పెరుగన్నం కారణంగా తిరిగిపోవాలి. ఆమె కావికా వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగింది.

"చీకటిలోపు తిరిగి చేరడానికి మీరు ఎంత వ్యవధి అదనంగా పెట్టుకుంటారు?"

"ఒక గంట."

"అందులో సగం నాకివ్వండి."

కావికా లోకేష్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, పేరడిగాడు, ఊరడిగాడు. లోకేష్ సరిగ్గానే చెప్పాడు. చర్మం తడిగా, చల్లగా ఉంది. "వడదెబ్బ కాదు, ఇంకా ఆ దాకా రాలేదు," అన్నాడు కావికా. "ఇరవై నిమిషాలు, ఆంటీ. ఆ తరవాత నేను ఎవరి మాటా వినను."

"నేనూ అడగను," అంది కృష్ణకుమారి.

గొడుగు అనుష్క చేతికిచ్చి లోకేష్ తల మీద పట్టమంది. బూట్ల తాళ్ళు వదులు చేయించింది. రుమాలు తడిపి మెడ వెనక వేసింది. సంచిలోంచి చిన్న డబ్బా తీసింది. అందులో ఉప్పూ పంచదారా కలిపి ఉన్నాయి. గోదావరి జిల్లా ఎండల్లో ముప్పై మంది ఆడపిల్లలను క్వారీలకు తిప్పిన మనిషి అది లేకుండా గడప దాటదు. సీసాలో కలిపి, మూతలో కొద్దికొద్దిగా పోసి అందించింది.

"సీసా ఇయ్యండి ఆంటీ, గడగడ తాగేస్త."

"గడగడ తాగితే గడగడ బయటికొస్తుంది. మూతతో తాగు."

"ఆంటీ, నేను నిన్న అన్న మాటలకు..."

"మాట్లాడకు. తాగు."

నిమిషాలు గడిచాయి. ఆమె వాచీ చూస్తూ, అతని మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టింది. నూట ఇరవై. కొంతసేపటికి నూట పది. తనతో వచ్చిన ఏ ఆడపిల్లనూ పదినిమిషాలు ముందు చేరాలన్న ఆశతో ఎండలో కూల్చిన చరిత్ర ఆమెకు లేదు. ఇరవయ్యో నిమిషానికి ఇతను లేవలేకపోతే, అందరికంటే ముందు వెనక్కి తిరిగేది తనేనని అప్పటికే తేల్చుకుంది. తేల్చుకున్నాక మనసు కుదుటపడాలి. పడలేదు. పదహారో నిమిషానికి నాడి తొంభై ఆరు. లోకేష్ ముఖంలోకి కాస్త రంగు వచ్చింది. పద్దెనిమిదో నిమిషానికి అతను అన్నాడు.

"ఆంటీ, ఆకలవుతుంది."

అనుష్క ఫక్కున నవ్వింది. దేదీప్య నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "సిగ్గుందా నీకు?" అని మొగుణ్ణి భుజం మీద ఒకటి వేసింది.

కావికా అతన్ని లేపి, పదడుగులు వేయించి, పేరు మళ్ళీ అడిగాడు. కళ్ళలోకి చూశాడు. కెమెరా అక్షయ్ భుజానికి, ట్రైపాడ్ అతని చేతికి మారాయి. అప్పుడు కావికా చూపుడు వేలితో తన వెనక ఉన్న చోటు చూపించాడు.

"నువ్వు. ఇక్కడ."

అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళ చోటు అది. రెండు గంటలసేపు కృష్ణకుమారి నడిచిన చోటు. లోకేష్ వచ్చి అక్కడ నిలబడ్డాడు. ఆమె అనుష్క దగ్గర గొడుగు తీసుకుని అతని వెనకకు జరిగింది. ఆ మిగిలిన అరమైలూ, ఆ రోజు మొదటిసారి, కృష్ణకుమారి తన నడకను ఇంకొకరి కోసం తగ్గించుకుని నడిచింది. మిషన్ పీక్ మీద పెరిగిన కాళ్ళు ముందుకు గుంజుతుంటే ఆపుకుంది.

"ఆగండి," అన్నాడు కావికా.

ముందు ఎవరికీ ఏమీ కనిపించలేదు. నల్లటి నేల, సెగకు అలలు అలలుగా వణుకుతున్న గాలి. "ఎక్కడ? ఎర్రగా ఏం లేదే?" అని అక్షయ్ కెమెరా అటూ ఇటూ తిప్పాడు. కృష్ణకుమారి అప్పటికే చూసింది. ఇరవై అడుగుల దూరంలో, నలుపు మధ్య ఒకచోట నేల వెండి రంగులో ఉంది. కొత్తగా తోమిన పళ్ళెంలా. ఆ వెండి కదులుతోంది.

పట్టపగలు లావా ఎర్రగా ఉండదు. గాలి తగిలిన క్షణంలోనే పైన వెండి పొర కడుతుంది. ఆ పొర చీలినచోట మాత్రం లోపలి నారింజ రంగు కనిపిస్తుంది. పుస్తకంలో అలాగే ఉంది. ఆమె ముప్పై నాలుగేళ్ళు అలాగే చెప్పింది. పుస్తకం అబద్ధం చెప్పలేదు. ఒక్క అక్షరం కూడా.

వెండి నాలుక ఒకటి నెమ్మదిగా ముందుకు సాగింది. దాని నడుము దగ్గర పొర గట్టిపడింది, వెనకనుంచి వచ్చే వేడి ద్రవం దాన్ని నెట్టింది, పొర ముడుచుకుంది. ఒక మడత. దాని మీద ఇంకో మడత. మూడు. నాలుగు. నలభై సెకన్లలో ఆమె కళ్ళ ముందు ఒక తాడు పేనుకుంది. కళాశాలలో, చెక్క సొరుగులో, ఇరవై మూడో నంబరు చీటీ అంటించిన రాతిముక్క మీద ఉన్న తాడు అదే. ఆ ముక్కకు అన్ని కోట్ల ఏళ్ళ కిందట ఇలాంటి నలభై సెకన్లే పట్టి ఉంటాయి. ఆ మాట విద్యార్థినులకు ఎప్పుడూ చెప్పలేదు, ఎందుకంటే ఎన్ని సెకన్లో ఆమెకు తెలియదు. ఇప్పుడు తెలిసింది.

గాజు పగిలే చప్పుడు సన్నగా, ఎడతెగకుండా వస్తోంది. ముఖం మీద పొయ్యి సెగ. కృష్ణకుమారి గొడుగు ముడిచింది. కళ్ళు చెమ్మగిల్లాయో సెగకు నీరు కారాయో ఆమె విచారించదలచుకోలేదు, రెండింటినీ తుడిచేసింది.

"అమ్మా," అంది మనీషా పక్కకొచ్చి. "ఆ మడతలు ఎందుకొస్తున్నాయి?"

అయిదు నెలల్లో కూతురు ఆమెను పప్పులో ఉప్పు గురించి అడిగింది, బడి వేళల గురించి అడిగింది, పడుకున్నావా అని అడిగింది. ఇలాంటి ప్రశ్న అడగలేదు. కృష్ణకుమారి కళ్ళజోడు సవరించుకుంది. ముప్పై నాలుగేళ్ళపాటు ప్రతి తరగతిలోనూ మొదటి మాటకు ముందు చేసినట్టే.

"పాలు కాచి దింపితే మీగడ కడుతుందిగా. గిన్నె కాస్త వంచితే ఏమవుతుంది? మీగడ ముడుచుకుంటుంది. ఇదీ అంతే. పైన చల్లారింది ఆగుతుంది, లోపలిది ఆగదు."

అందరూ చుట్టూ చేరారు. ఇంగ్లీషులోకి మార్చి చెప్పమని కావికా అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన విని, తన బామ్మ కూడా దాన్ని అలాగే చెప్పేదన్నాడు, కాకపోతే పాల బదులు దుంపల గంజి అన్నాడు. కర్రతో దాన్ని పొడవవచ్చా అని అక్షయ్ అడిగాడు. "ఇది మాకు దేవత. నీ ముఖం మీద ఎవరైనా పొడిస్తే నీకెలా ఉంటుంది?" అన్నాడు కావికా. అక్షయ్ తన చేతిలోని ట్రైపాడ్‌ను మర్యాదగా వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు కృష్ణకుమారి చెయ్యెత్తి చూపించింది. "అక్కడ, ఎడమవైపు, పొర ఉబ్బుతోంది చూడండి. లోపల నిండుతోంది. ఎక్కువసేపు ఆగదు. ఆ పగులు దగ్గర తెగుతుంది."

ఏడుగురూ ఊపిరి బిగబట్టి చూశారు. ఒక నిమిషం. ఒకటిన్నర. తెగింది, అయితే ఆమె చూపించిన పగులు దగ్గర కాదు, దానికి మూడడుగుల కుడిపక్కన.

"మిస్సయింది ఆంటీ!" అన్నాడు లోకేష్. గొంతులో ఎగతాళి లేదు. క్రికెట్టు చూసేవాడి బాధ ఉంది.

"అవును, తప్పాను," అంది కృష్ణకుమారి నిదానంగా. "పగులు చూశాను. వాలు చూడలేదు." రెండడుగులు పక్కకు వేసి, తల వంచి, నేల ఎటు పల్లంగా ఉందో కళ్ళతో కొలిచింది. ఉబ్బిన పొర వెంట ఒక చివరి నుంచి ఇంకో చివరికి చూపు నడిపించింది. ఎండ ఇంకా ఉంది. కావికా వాచీ చూసి, చెయ్యి దించుకుని నిలబడ్డాడు.

"ఈసారి చెప్పండి ఆంటీ, ఎక్కడ?" అన్నాడు లోకేష్.

ఆమె తొందరపడలేదు. వెండి పొర మీద ఒకచోట వెంట్రుకంత నారింజ గీత మెరిసి మాసింది. పల్లం అటే ఉంది. ఉబ్బు అటే జరుగుతోంది. కృష్ణకుమారి ముడిచిన గొడుగు ఎత్తి, దాని కొసతో గాలిలో ఒక చోటును గుర్తుపెట్టినట్టుగా చూపించి, కావికాతో సహా అందరినీ మూడడుగులు వెనక్కి జరగమంది. జరిగారు. కావికా కూడా జరిగాడు.

"అక్కడ," అంది.

గొడుగు కొస చూపిన చోట నేల తెరుచుకుంది.